పిక్క మాది, పప్పు మీది

జీడి ఫ్యాక్టరీలో పనిచేసే ఆడమనిషిని చేతులు చూసి చెప్పేయొచ్చు. పిక్క తొక్కలో రెండు పొరల మధ్య నల్లటి జిడ్డు రసం ఉంటుంది. చర్మానికి తగిలితే పొక్కుతుంది, మానితే మచ్చ మిగులుతుంది. వేళ్ల కొసల్లో, గోళ్ల చుట్టూ ఆ నలుపు పట్టేసి ఎంత తోమినా వదలదు. పలాసలో అయినా, కేరళలోని కొల్లంలో అయినా, ఆఫ్రికా తూర్పు ఒడ్డున మొజాంబిక్ రాజధాని మపుతోలో అయినా ఆ చేతులు ఒకేలా ఉంటాయి.

1990ల చివర్లో మపుతో శివార్లలోని మషావా పారిశ్రామికవాడలో అలాంటి చేతులు ఒక గేటు చువ్వలు పట్టుకుని నిలబడ్డాయి. గేటుకు తాళం వేసి ఉంది.

"మనా, ఇవాళ కూడా లోపలికి రానివ్వరా?" అంది చిన్నది. అక్కడ తమకన్నా పెద్దవాళ్లని అలాగే పిలుస్తారు.

"పిక్కలు లేవంట. వచ్చాక కబురు చేస్తారంట."

"ఎందుకు లేవు? నిన్న రోడ్డు మీద బస్తాల లారీలు నా కళ్లతో చూశాను."

"ఆ లారీలు ఇటు కాదు, రేవుకి పోతున్నాయి."

ఈ కథలో పేరు లేకుండా వచ్చే కార్మికురాళ్లు, రైతు, వ్యాపారి, అధికారులు నేను కల్పించినవాళ్లు. వాళ్ల మాటలు కూడా నేను రాసినవే. పేరున్నవాళ్లు, ఏళ్లు, అంకెలు, మూతపడ్డ ఫ్యాక్టరీలు మాత్రం చరిత్రలోవి. ఆ గేటుకు తాళం వేసింది ఫ్యాక్టరీ యజమానే. వేయక తప్పని స్థితిని తెచ్చింది మాత్రం వాషింగ్టన్‌లో వేసిన ఒక లెక్క.

జీడిమామిడి మొజాంబిక్‌లో పుట్టిన చెట్టు కాదు, మన గడ్డ మీద పుట్టిందీ కాదు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి తెచ్చి ఇటు గోవాలోనూ, అటు ఆఫ్రికా తీరంలోనూ నాటారు. ఇసుక నేల, ఉప్పుగాలి దానికి సరిపడ్డాయి. మొజాంబిక్ తీరంలో అది పెద్ద తోటల పంటగా కాక పేదవాడి ఇంటిచెట్టుగా పెరిగింది. మొక్కజొన్న, కర్రపెండలం వేసుకునే చిన్న కమతంలో ఒక పక్కన పదో పాతికో చెట్లు. రాలిన పిక్కలు ఏరి ఊళ్లోని దుకాణంలో పోస్తే సబ్బు, గుడ్డ, చక్కెర వచ్చేవి. చాలాకాలం పిక్కలు ఓడలెక్కి పచ్చివిగానే భారతదేశానికి వచ్చేవి. కొట్టి, ఒలిచి, పప్పు చేసి అమెరికాకీ ఐరోపాకీ అమ్మేది మనవాళ్లు.

అక్కడే కొట్టించి పప్పు చేస్తే ఏమవుతుందని 1950ల మొదట్లో జీవా జమాల్ థరానీ అనే భారతీయ మూలాల వ్యాపారి ఫ్యాక్టరీ పెట్టాడు. అప్పుడు మపుతో పేరు లొరెన్సు మార్కేష్. ఫ్యాక్టరీ పెట్టింది షమంకులో పేటలో. యజమాని పేరు మీద జనం దాన్ని 'తరానా' అనేవాళ్లు. దక్షిణ మొజాంబిక్‌లోని గాజా, ఇన్యంబాన్ ప్రాంతాల పల్లెల నుంచి ఆడవాళ్లు వెతుక్కుంటూ వచ్చి చేరారు. మగవాళ్లు దక్షిణాఫ్రికా బంగారు గనులకు పోయేవాళ్లు. కొందరు డబ్బు పంపేవాళ్లు, కొందరు తిరిగే రాలేదు. భర్త పోయినవాళ్లు, భర్త వదిలేసినవాళ్లు, పుట్టింట చోటు లేనివాళ్లు... పట్నంలో వీళ్లకు దొరికిన నికరమైన జీతం తరానాలోనే. రోజుకింత పప్పు తీయాలని కొలత ఉండేది. కొలత నిండకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. కష్టమైన పనే, జీతమూ తక్కువే. అయినా ఆ జీతంతో ఇల్లు కట్టుకున్న ఆడవాళ్లు, పిల్లల్ని బడికి పంపిన ఆడవాళ్లు ఆ పేటలో ఉన్నారు.

1960ల్లో యంత్రాలు వచ్చాయి. ఇటలీవి, ఇంగ్లండువి. పిక్కని వేడి నూనెలో వేయించి, విసురుగా లోహపు గోడకు కొట్టి పగలగొట్టే యంత్రాలు. తీరం పొడవునా ఫ్యాక్టరీలు లేచాయి. ఆఫ్రికాలో జీడిపప్పుని పరిశ్రమ స్థాయిలో తయారుచేసిన మొదటి దేశం మొజాంబిక్. 1970ల మొదట్లో అక్కడ ఏడాదికి 2 లక్షల టన్నులకు పైగా పిక్కలు దిగేవి. ప్రపంచ దిగుబడిలో దాదాపు సగం అది. ఆ రోజుల్లో ప్రపంచంలో ఎక్కడ జీడిపప్పు డబ్బా విప్పినా అందులోని పప్పు మొజాంబిక్ చెట్టుదయ్యే అవకాశం సగానికి సగం.

1975 జూన్ 25న స్వాతంత్ర్యం వచ్చింది. పోర్చుగీసువాళ్లు వేలకు వేలు దేశం విడిచిపోయారు. ఫ్యాక్టరీల యజమానులు, మేనేజర్లు, మెకానిక్కులే కాదు, పల్లెల్లో దుకాణాలు నడిపేవాళ్లు కూడా వెళ్లిపోయారు. జీడికి అసలు దెబ్బ ఇక్కడే తగిలిందని నాకనిపిస్తుంది. దుకాణం మూతపడితే పిక్క కొనేవాడు లేడు. పిక్క అమ్మినా ఆ డబ్బుతో కొనడానికి సబ్బు లేదు, గుడ్డ లేదు. ఇంకెందుకు ఏరడం? చెట్టు కింద పిక్కలు అలాగే పడి ఉండేవి. తగ్గిన సరుకు ఫ్యాక్టరీలకైనా దక్కాలని 1978లో ప్రభుత్వం పచ్చి పిక్కల ఎగుమతిని నిషేధించింది. అప్పటికే అంతర్యుద్ధం మొదలైంది. ముందు రొడీషియా, తర్వాత వర్ణవివక్ష దక్షిణాఫ్రికా అండతో రెనామో తిరుగుబాటుదారులు రోడ్లని, రైళ్లని, బళ్లని, ఆస్పత్రుల్ని కొట్టారు. జనం ఊళ్లొదిలి పారిపోయారు. పాత చెట్లు ముసలివయ్యాయి, వాటికి బూడిద తెగులు పట్టింది, కొత్తవి నాటే నాథుడు లేడు. 1980ల్లో దిగుబడి ఒకప్పటి దాంట్లో పదో వంతు దగ్గరికి పడిపోయింది. 1992 అక్టోబరు 4న రోమ్‌లో శాంతి ఒప్పందం మీద సంతకాలయ్యేసరికి ప్రపంచంలోని అత్యంత పేద దేశాల్లో మొజాంబిక్ ఒకటి. ఖజానాలో డబ్బు లేదు. అప్పు ఇచ్చేవాడు ఏం చెబితే అది వినాల్సిన స్థితి.

చెప్పేవాడు వాషింగ్టన్‌లోని ప్రపంచ బ్యాంకు.

మపుతోలో ఏదో మంత్రిత్వశాఖలో ఒక గది. బల్లకు అటు బ్యాంకు ఆర్థికవేత్త, ఇటు స్థానిక అధికారి. మధ్యలో లెక్కల కాగితం.

"మీ దేశంలో జీడిచెట్లున్న కుటుంబాలెన్ని?"

"పది లక్షల దాకా ఉంటాయండీ."

"ఫ్యాక్టరీల్లో కార్మికులు?"

"పదివేల పైచిలుకు."

"ఈ పదివేల మంది కోసం ఆ పది లక్షల కుటుంబాలు పిక్కని తక్కువ ధరకు అమ్ముకోవాలా? ఎగుమతి వదిలిపెట్టండి. భారతీయులు ఎక్కువిచ్చి కొంటారు. రైతు చేతిలో నాలుగు డబ్బులు పడితే కొత్త మొక్కలు నాటతాడు. మీ ఫ్యాక్టరీల యంత్రాలు పప్పుని ముక్కలు చేస్తున్నాయి. ఆ పప్పు అమ్మితే వచ్చేదానికన్నా పచ్చి పిక్క అమ్మితే వచ్చేదే ఎక్కువ."

ఈ వాదాన్ని కొట్టిపారేయలేం. ఎగుమతి ఆపితే ఫ్యాక్టరీ చెప్పిందే ధర, రైతుకి వేరే దారి ఉండదు. యంత్రాలు పాతబడ్డమాటా నిజమే. గుండు పప్పుకీ ముక్కలకీ మార్కెట్లో ధర తేడా ఎంతో పలాసలో ఎవరినడిగినా చెబుతారు. పిక్కని గోడకేసి కొట్టే యంత్రం గుండ్లని మిగల్చదు. ప్రభుత్వం చేతిలో ఉన్నన్నాళ్లూ ఫ్యాక్టరీలు నష్టాలతోనే నడిచాయి. వాటిని ఉన్నవి ఉన్నట్టు కాపాడాలని ఎవరైనా అంటే నేనూ ఒప్పుకోను.

అయితే ఆ లెక్కలో కొన్ని గళ్లు ఖాళీగా ఉన్నాయి. రైతుకీ రేవుకీ మధ్య ఎంతమంది ఉన్నారు? ప్రపంచంలో పచ్చి పిక్క కొనే దేశాలెన్ని? అప్పట్లో భారతదేశం తప్ప చెప్పుకోదగ్గ కొనుగోలుదారు లేడు. ఒక్కడే కొనేచోట రేటు ఎవరు పెడతారు? ఫ్యాక్టరీ మూసేస్తే అందులోని మనిషి ఏ పనిలోకి వెళ్తుంది? లెక్క ప్రకారం ఆమె ఇంకాస్త లాభసాటి పనిలో చేరిపోవాలి. యుద్ధం నుంచి అప్పుడే బయటపడ్డ దేశంలో ఆ పని ఎక్కడుందో లెక్క వేసినవాళ్లు చూపించలేదు.

నిషేధం 1990ల మొదట్లోనే తొలగి, దాని చోట ఎగుమతి సుంకం వచ్చింది. బ్యాంకు సలహా మీదే 1994-95లో ప్రభుత్వం తన చేతిలోని ఫ్యాక్టరీల్ని ప్రైవేటువాళ్లకు అమ్మింది. సుంకం రక్షణ కొన్నేళ్లయినా ఉంటుందనే నమ్మకంతోనే వాళ్లు కొన్నారు. యంత్రాలు బాగుచేయించి, అప్పులు తెచ్చి, షెడ్లకు సున్నం వేయించారు. 1995లో బ్యాంకు కొత్త రుణాలకు షరతు పెట్టింది, ఆ సుంకాన్ని ఏటా తగ్గించుకుంటూ పోయి చివరికి ఎత్తేయాలని. 20 శాతం ఉన్నది మరుసటి ఏడు 14కి దిగింది. అమ్మేటప్పుడు ఒక మాట, అమ్మాక ఇంకో మాట. పెట్టుబడి పెట్టినవాడు తర్వాత ఏ మాట నమ్ముతాడు? బాగుచేసుకోవాల్సిన సమయంలో చాలామంది యజమానులు, ఈ విధానం రేపు మళ్లీ మారుతుందేమోనని చేతులు కట్టుకుని కూర్చున్నారు.

దేశానికి ఉత్తరాన నంపూలా ప్రాంతం. మొజాంబిక్ జీడికి గుండెకాయ అనదగ్గ చోటు. అక్టోబరు నుంచి జనవరి దాకా పిక్కలు రాలతాయి. మన దగ్గర జీడి ఫిబ్రవరి తర్వాతగాని దిగదు. భారతీయ ఫ్యాక్టరీలు పిక్కలు లేక ఖాళీగా ఉండే నెలల్లో అక్కడి పంట చేతికొస్తుంది. అందుకే దాని మీద అంత ఆశ.

ఎర్రమట్టి బాట పక్కన కాటా దించారు. రైతు సైకిల్ మీద బస్తా మోసుకొచ్చాడు.

"ధర పెరిగిందని రేడియోలో చెప్పారు, పత్రావ్." దొరని అక్కడ అలా పిలుస్తారు.

"రేడియో వచ్చి కొంటుందా నీ పిక్కలు? లారీ నాది, డీజిలు నాది. దారి ఎలా ఉందో చూశావుగా."

"నిరుటికన్నా ఎంత ఎక్కువిస్తావు?"

"ఇస్తాలే. ముందు బస్తా కాటా మీద పెట్టు."

రైతు పెట్టాడు. ఇంకో వ్యాపారి ఆ దారిన ఎప్పుడొస్తాడో తెలియదు. రాడేమో కూడా. వాన పడితే బాట మూసుకుపోతుంది, నెమ్మెక్కితే పిక్క పుచ్చిపోతుంది. ఇంట్లో ఉప్పు లేదు. బేరమాడే వీలు ఎంతుంటుందో ఊహించుకోవచ్చు. ఆ బస్తా చిన్న వ్యాపారి నుంచి పెద్ద వ్యాపారికి, అక్కణ్ణుంచి నకాలా రేవులో ఎగుమతిదారుడికి చేరుతుంది. ఎగుమతిదారులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. రేవు దగ్గర పెరిగిన ధర ఒక్కో చేయీ దాటుకుంటూ పల్లెకు వచ్చేసరికి ఏం మిగులుతుంది?

ఈ ప్రశ్నకు తర్వాత ఓపికగా లెక్క వేసినవాళ్లు ఉన్నారు. మార్గరెట్ మెక్‌మిలన్, డానీ రోడ్రిక్, కరెన్ హార్న్ వెల్చ్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు. 2002లో వచ్చిన వాళ్ల అధ్యయనం ప్రకారం రైతులకు నికరంగా వచ్చిన లాభం ఏడాదికి అన్నీ కలిపి 53 లక్షల డాలర్లకు మించదు. దాన్ని పది లక్షల కుటుంబాలకు పంచితే కుటుంబానికి 5 డాలర్ల 30 సెంట్లు. నెలకు కాదు, ఏడాది మొత్తానికి. పట్నాల్లో పనులు పోయినవాళ్ల నష్టం రెండో పళ్లెంలో వేస్తే దేశానికి మిగిలిన మేలు దాదాపు ఏమీ లేదు. ఆ 5 డాలర్ల 30 సెంట్లతో రైతు కొత్త తోట వేస్తాడని ఎలా అనుకున్నారో నాకు అర్థం కాదు.

ఫ్యాక్టరీలు ఒక్కటొక్కటిగా పడ్డాయి. పిక్క కొనడానికి పోటీకి దిగితే భారతీయ కొనుగోలుదారుడి ముందు నిలవలేదు. బ్యాంకు వడ్డీలు కట్టలేకపోయారు. కొన్నిచోట్ల ఉదయం వెళ్లేసరికి తాళం. కొన్నిచోట్ల నెలల తరబడి జీతాల బాకీ, ఆ తర్వాత తాళం. 2001 నాటికి కార్మికుల్లో పదిమందికి తొమ్మిదిమంది చేతిలో పని లేదు.

"సంఘం వాళ్లు ఏమంటున్నారు, మనా?"

"పెద్ద బ్యాంకు పెద్దాయన వచ్చాడంట. ఆయనతో మాట్లాడతారంట."

వచ్చింది నిజమే. 1997 ఫిబ్రవరిలో ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడు జేమ్స్ ఉల్ఫెన్‌సన్ మపుతో వచ్చాడు. జీడి గోడు ఆయన చెవిన పడింది. మరోసారి అధ్యయనం చేయిద్దామని ఒప్పుకున్నాడు. డెలాయిట్ అండ్ టూష్ సంస్థ ఆ పని చేసింది. పెరిగిన ధరలో చెప్పుకోదగ్గ భాగం రైతుకి చేరడం లేదనీ, పరిశ్రమకి ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వాలనీ 1997లోనే నివేదిక వచ్చింది. అయినా షరతుని ఎత్తేయడానికి ఏళ్లు పట్టింది. తప్పు జరిగిందని తెలియడానికీ షరతు తీయడానికీ మధ్య గడిచిన ఆ కాలమే నాకు ఈ గాథ మొత్తంలో అన్నిటికన్నా బాధ కలిగించేది. ఆ రెండు మూడేళ్లలోనే చాలా ఫ్యాక్టరీలు పోయాయి.

ఈ సంగతులన్నీ రోజూ రాసిపెట్టిన మనిషి ఒకడున్నాడు. కార్లోస్ కార్దోజో. ప్రభుత్వ వార్తాసంస్థకు ఒకప్పుడు అధిపతి, తర్వాత స్వతంత్ర పాత్రికేయుడు. కాగితం ముద్రించే స్తోమత లేక ఫ్యాక్సులో చందాదారులకు పంపే దినపత్రిక నడిపాడు. 1997లో మొదలుపెట్టినదాని పేరు మెతికాల్, ఆ దేశపు కరెన్సీ పేరే. నాలుగైదు పేజీల పత్రిక. అందులో జీడి గురించి ఎన్నిసార్లు రాశాడంటే అది ఆయన సొంత ఉద్యమమైపోయింది. పిక్కల ధర, పప్పు ధర, మూతపడ్డ ఫ్యాక్టరీ, రోడ్డున పడ్డ మనుషులు. వాషింగ్టన్‌లో తయారైన అంకెల్ని పట్టుకుని వరస వరసా లెక్క అడిగేవాడు. పేద దేశం తన పంటతో తన మనుషులకి పని కల్పించుకోవాలన్నది ఆయన పట్టుదల.

1999లో మొజాంబిక్ పార్లమెంటు స్వయంగా ఒక చట్టం చేసింది. పచ్చి పిక్కల ఎగుమతి మీద 18 నుంచి 22 శాతం దాకా సుంకం వేయొచ్చని. అప్పిచ్చేవాళ్ల మాటకి ఎదురు నిలిచి చేసిన చట్టం. అంతర్జాతీయంగా రగడ ఆగలేదు. 2000 ఏప్రిల్‌లో వాషింగ్టన్ వీధుల్లో ప్రపంచ బ్యాంకుకి వ్యతిరేకంగా జనం ఊరేగుతుంటే, ప్రఖ్యాత ఆర్థికవేత్త పాల్ క్రూగ్‌మన్ న్యూయార్క్ టైమ్స్‌లో ఈ జీడి విషయం మీదే వ్యాసం రాసి బ్యాంకు విధానాన్ని సమర్థించాడు. ఆయన బాధ పేద రైతు గురించే. కానీ ఆ రైతుకి దక్కింది 5 డాలర్ల 30 సెంట్లని తేలడానికి ఇంకా సమయం ఉంది.

2000 నవంబరు 22 సాయంత్రం మపుతోలో కార్దోజో ఆఫీసు నుంచి కారులో ఇంటికి బయల్దేరాడు. దారిలో కారుని అటకాయించి కాల్చి చంపారు. ఒక పెద్ద బ్యాంకులో కోటీ నలభై లక్షల డాలర్లు మాయమైన కుంభకోణాన్ని ఆయన తవ్వుతున్నాడు. చంపింది అందుకే. 2003 జనవరిలో ఆరుగురికి శిక్షలు పడ్డాయి. జీడికీ ఆయన చావుకీ సంబంధం లేదు. కానీ ఆ రోజు జీడి కార్మికులు తమ గురించి రోజూ రాసే మనిషిని పోగొట్టుకున్నారు.

ఆ తర్వాత కథ పూర్తిగా చీకటి కాదు. నంపూలా ప్రాంతంలో మొజిన్‌క్వాల్ జిల్లా నమీజ్ అనే చిన్న ఊళ్లో ఆంతోనియో మిరాండా అనే స్థానిక వ్యాపారి కొత్త పద్ధతిలో ఫ్యాక్టరీ పెట్టాడు. పిక్కని వేడి నూనెలో ముంచి గోడకి విసరడం మానేశారు. మన దగ్గర మాదిరే ఆవిరిలో ఉడికించి, చేత్తో మీట నొక్కి కోసే చిన్న కట్టర్ల మీద ఒక్కొక్క పిక్కా కోస్తారు. ఒక చేత్తో పిక్కని కత్తుల మధ్య నిలబెట్టి, మీట దించగానే తొక్క రెండుగా విడిపోతుంది. పక్కన కూర్చున్నామె సూదిమొనతో పప్పుని విరగకుండా బయటికి తీస్తుంది. గుండు నిలుస్తుంది, ధర నిలుస్తుంది. పెద్ద పట్నంలో కాకుండా పంట దిగే పల్లెలోనే ఫ్యాక్టరీ పెట్టడంతో బస్తా దూరం ప్రయాణం చేయాల్సిన పనిలేదు. టెక్నోసర్వ్ అనే స్వచ్ఛంద సంస్థ సాంకేతిక సాయం చేసింది. సుంకం అడ్డుగోడ వెనక ఇలాంటివి మరికొన్ని లేచాయి, కొన్ని వేలమందికి మళ్లీ పని దొరికింది. ఇదే పని 1995లో చేసి ఉండొచ్చు. సుంకాన్ని ఉంచి, పాత యంత్రాల చోట చిన్న కట్టర్లు పెట్టుకోవడానికి ఐదారేళ్లు గడువు ఇస్తే సరిపోయేది. మషావాలో నల్లచేతుల ఆడవాళ్లకి మాత్రం ఇది అందలేదు. నంపూలా వాళ్లుండేచోటికి దాదాపు రెండు వేల కిలోమీటర్ల దూరం.

మనం ఇక్కడ తప్పించుకోలేని విషయం ఒకటుంది. ఆఫ్రికా పిక్కల్ని పప్పు చేసే దేశం మనది. మొజాంబిక్ పిక్కలు ఎక్కువగా కేరళ కొల్లం ఫ్యాక్టరీలకి వెళ్లేవి. ఇవాళ శ్రీకాకుళం జిల్లా పలాస, కాశీబుగ్గ ఫ్యాక్టరీలకీ ఆ చుట్టుపక్కల ఉద్దానం పంట చాలదు, ఏటా ఆఫ్రికా దేశాల నుంచి పిక్కలు దిగుతాయి. సుంకాల సంగతి చూడండి. 2018 బడ్జెట్‌లో భారత ప్రభుత్వం పచ్చి పిక్కల దిగుమతి సుంకాన్ని 5 నుంచి 2.5 శాతానికి తగ్గించింది. 2019లో జీడిపప్పు దిగుమతి సుంకాన్ని 45 నుంచి 70 శాతానికి పెంచింది. పిక్కయితే రానిస్తాం, పప్పయితే రానివ్వం. మన ఫ్యాక్టరీల్నీ అందులోని ఆడవాళ్లనీ కాపాడుకోవడానికి చేసిన పని ఇది, సరైన పనే. మొజాంబిక్ అడిగింది దీనికన్నా చాలా తక్కువ. మనకి దక్కిన హక్కు వాళ్లకి అప్పు పత్రంలో షరతుగా పోయింది.

ఈ గొలుసుకి మన వైపు చివర కూడా సుఖంగా లేదు. ఉద్దానంలో జీడి రైతుది వేరే కడుపుమంట. 80 కిలోల బస్తాకి 16 వేల రూపాయలు ఇవ్వాలని వాళ్లు ధర్నాలు చేశారు. విదేశీ పిక్కలు వచ్చి తమ ధర పడగొడుతున్నాయన్నది వాళ్ల ఫిర్యాదు. అదే పలాసలో పీలింగు చేసే ఆడమనిషికి ఆ విదేశీ పిక్క రాకపోతే ఏడాదిలో కొన్ని నెలలు పని ఉండదు. నంపూలా రైతు, మషావా కార్మికురాలు పడ్డ చిక్కే ఇది. ఒకరికి మేలైన ధర ఇంకొకరికి కూడు లేకుండా చేస్తుంది, ఇద్దరికీ మధ్యలో ఉన్నవాడు మాత్రం ఏ ఏడూ నష్టపోడు.

మొజాంబిక్ అనుభవం చూసిన మిగతా ఆఫ్రికా దేశాలు ఇప్పుడు తమ దారి తాము చూసుకుంటున్నాయి. టాంజానియాలో 2018లో వ్యాపారులు మరీ తక్కువ ధర చెప్పారని అధ్యక్షుడు మగుఫులి పంట కొనడానికి సైన్యాన్ని పంపాడు. ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ పిక్కలు పండించే ఐవరీ కోస్ట్ పప్పు ఫ్యాక్టరీలకు రాయితీలిచ్చి పెంచుతోంది. బెనిన్ 2024 ఏప్రిల్ నుంచి పచ్చి పిక్కల ఎగుమతిని నిషేధిస్తున్నట్టు ప్రకటించి, గ్లో-జిగ్బే పారిశ్రామికవాడలో ఫ్యాక్టరీలు నిలబెట్టింది. వీటిలో అన్నీ నెగ్గుతాయని నేను చెప్పను. సైన్యంతో పంట కొనడం నాకు మంచి పద్ధతిగా కనబడదు. నిషేధం ఒక్కటే పెట్టి, రోడ్డూ కరెంటూ అప్పూ లేకుండా ఫ్యాక్టరీని వదిలేస్తే అది 1978 నాటి మొజాంబిక్ అవుతుంది. కానీ తన చెట్టు పిక్కని తన ఊళ్లో ఒలుచుకుంటానంటే కాదనే హక్కు ఎవరికీ లేదు, మనకి అసలే లేదు.

అంటే పలాస ముందున్నది చిన్న విషయం కాదు. పడమటి ఆఫ్రికా దేశాలు ఒక్కొక్కటే పిక్క బయటికి వదలడం తగ్గిస్తే, ఓడలో వచ్చే సరుకు మీద ఆధారపడ్డ ఫ్యాక్టరీ ఎన్నాళ్లు నడుస్తుంది? ఇక ఇంటి పంట చూస్తే, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం తోటల్ని కూకటివేళ్లతో పడేసింది. ఆ నేలలో మంచి అంట్లు నాటించి, ఉన్న ముసలి చెట్ల చోట కొత్తవి వేయించి, రైతుకి నిలకడైన ధర చూపిస్తే తప్ప పలాస ఆడవాళ్ల పనికి భరోసా లేదు. ఇది పలాస ఫ్యాక్టరీల యజమానులు, ఉద్దానం రైతులు, ప్రభుత్వం ఒకే బల్ల దగ్గర కూర్చుని తేల్చుకోవాల్సిన పని. ఇవాళ నాటినా జీడి అంటు కాపుకి రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది.